పడిలేచిన రాజుల గుళ్లు
పాలమూరు చరిత్ర: ఏడో భాగం

పోయిన భాగంలో జడ్చర్ల పక్కనే ఉన్న ఆల్వాన్‌పల్లి దాకా నడిచాం. పొలాల నడుమ సుమారు 65 అడుగుల ఎత్తున లేచి నిలబడిన గొల్లత్తగుడి ఇటుక గోడలను చూశాం. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి ఆ జైనాలయంలో రాయి కంటే కాల్చిన మట్టికే పని ఎక్కువ పడిందనీ, అక్కడి తీర్థంకర విగ్రహాలు తర్వాత మ్యూజియాలకు చేరాయనీ చెప్పుకున్నాం. ఆ కాలంలోనే రాతిని నమ్ముకుని కట్టినవాళ్లు మన గడ్డ మీద లేరా అన్న ప్రశ్న దగ్గర ఆగాం.

ఉన్నారు. జడ్చర్ల స్టేషన్లో కర్నూలు వైపు పోయే రైలెక్కితే, గద్వాల దాటాక, తుంగభద్ర ఇంకా రాకముందే జోగులాంబ హాల్ట్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. రోడ్డున పోయేవాళ్లకు 44వ జాతీయ రహదారి ఉంది. భూత్పూర్, అడ్డాకుల, కొత్తకోట, పెబ్బేరు దాటి, కృష్ణ మీది వంతెన ఎక్కి దిగి బీచుపల్లి ఆంజనేయుడికి దండం పెట్టుకుంటే నడిగడ్డలో కాలు పెట్టినట్టే. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నేల కాబట్టి జనం దానికి నడిగడ్డ అని పేరు పెట్టుకున్నారు. ఎర్రవల్లి చౌరస్తా తర్వాత అలంపూర్ చౌరస్తా. అక్కడ రహదారి వదిలి లోపలికి తిరిగితే తుంగభద్ర ఒడ్డున ఆలంపురం.

ఈ ఊరు ఎప్పుడూ ఏదో ఒక అంచు మీదనే ఉంది. 1956 దాకా గద్వాల, ఆలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో మహబూబ్‌నగర్‌కు వచ్చాయి. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా అయింది. ఏరు దాటితే రాయలసీమ, పడమటికి పోతే కన్నడ నేల. ఇక్కడి బామ్మల మాటలో మూడు యాసలూ వినిపిస్తాయి. పదమూడు వందల ఏళ్ల కింద కూడా ఇది అంచే. అయితే అప్పటి అంచు బాదామికీ కంచికీ మధ్య పడ్డ గీత. ఆ గీత మీద కారిన నెత్తురు కథ తెలియకపోతే ఆలంపురం తొమ్మిది గుళ్లూ అందమైన రాళ్లుగానే మిగిలిపోతాయి. అందుకే ఈ భాగంలో ముందు గుడిలోకి కాదు, యుద్ధంలోకి పోదాం.

వాతాపి కాలిన ఏడు

బాదామికి అప్పటి పేరు వాతాపి. మలప్రభ లోయలో ఎర్రటి కొండల నడుమ ఉన్న కోట. అక్కడి చాళుక్యుల్లో రెండో పులకేశి పేరు వినని తెలుగువాడు ఉండడు. నర్మద ఒడ్డున హర్షుణ్ని ఆపినవాడు, తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ని వేంగికి పంపి తూర్పు చాళుక్య వంశానికి దారి వేసినవాడు. 634లో ఐహోళె కొండ మీద రవికీర్తి చెక్కించిన శాసనం ఆయన గెలుపులను వరసగా చెబుతుంది. చైనా నుంచి వచ్చిన యువాన్ చ్వాంగ్ ఆయన రాజ్యం గుండా పోతూ ఆ సైనికుల తెగువను రాసుకున్నాడు.

అంతటి మనిషికి కంచి పల్లవులతో వైరం. మహేంద్రవర్మ మీద గెలిచాడు, ఆ రాజ్యంలోకి చొచ్చుకుపోయాడు. కానీ మహేంద్రుడి కొడుకు నరసింహవర్మ ఆ అవమానం మరవలేదు. పులకేశి మళ్లీ దండెత్తి వస్తే మణిమంగళం వంటి చోట్ల ఎదురు నిలిచి తిప్పికొట్టాడు. అంతటితో ఊరుకోలేదు. 642లో పల్లవ సేన వాతాపి దాకా వచ్చింది. కోట పడింది. పులకేశి ఆ పోరులోనే పోయాడని చరిత్రకారుల లెక్క. నరసింహవర్మ "వాతాపికొండ" అన్న బిరుదు పెట్టుకున్నాడు. బాదామిలో శత్రువు కొండ మీదే, శత్రువు గుమ్మం ముందే, తన పదమూడో పాలనా సంవత్సరపు శాసనం చెక్కించాడు.

ఆ తర్వాతి పదమూడేళ్లు చాళుక్యుల ఇంట్లో చీకటి. రాజధాని పోయింది. సామంతులు ఎవరికి వారయ్యారు. కొడుకులు తలా ఒక దిక్కు పట్టారు. మనకు కావలసిన సంగతి ఇక్కడ ఉంది: ఆ కొడుకుల్లో ఆదిత్యవర్మ అనే ఆయన రాగిరేకులు కర్నూలులో దొరికాయి. అంటే ఆలంపురానికి ఏటి అవతల. ఆ రేకుల్లో ఆయన తనను తాను మహారాజాధిరాజు అని చెప్పుకున్నాడు, అది తన ఏలుబడి మొదటి ఏడు అని కూడా రాయించుకున్నాడు. వాతాపి చేతిలో లేకపోయినా తుంగభద్ర తీరాన ఒక రాజకుమారుడు కిరీటం పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. చెదిరిన కుటుంబానికి ఈ ప్రాంతం ఆసరా అయింది. చాళుక్యులకు ఈ ఏటి ఒడ్డు మీద అంత మమకారం ఎందుకు అని అడిగితే నేను మొదట చూపించేది ఆ కర్నూలు రేకులనే.

చిత్రకంఠం మీద వచ్చినవాడు

ఇల్లు నిలబెట్టింది మరో కొడుకు విక్రమాదిత్యుడు. 655 నాటికి వాతాపి మళ్లీ చాళుక్యులదయింది. ఆయన శాసనాలు ఆ గెలుపును కథలాగా చెబుతాయి: చిత్రకంఠం అనే ఒకే ఒక్క గుర్రాన్నెక్కి, కత్తి ఒకటి చేతబట్టి, ముగ్గురు రాజులు కమ్మేసిన తండ్రి సంపదను తిరిగి తెచ్చుకున్నాడట. ఒక్క గుర్రంతో రాజ్యాలు రావు. వెనక బంధువుల సేనలు, సామంతుల లెక్కలు ఉండే ఉంటాయి. కానీ ఆ శాసనాల్లోనే ఇంకో మాట ఉంది, అది నాకు గుర్రం కంటే ముఖ్యంగా తోస్తుంది. ఆ చీకటి ఏళ్లలో దేవుళ్లకూ బ్రాహ్మణులకూ ఇచ్చిన మాన్యాలు ఆగిపోయాయి, వాటిని మళ్లీ నిలబెట్టానని ఆయన చెప్పుకున్నాడు.

ఆ మాట వెనక ఊళ్ల బతుకు ఉంది. గుడి మాన్యం ఆగిందంటే దీపం ఒక్కటే ఆరలేదు. ఆ మాన్యాన్ని సాగు చేసే రైతు శిస్తు ఎవరికి కట్టాలో తెలియదు. వచ్చిన దండునాయకుడల్లా వసూలు చేసుకుపోతాడు. చెరువు తూము ఎవరు బాగుచేయించాలో తేలదు. రాజ్యం పోవడమంటే ఊరికి కాగితం పోవడం, హక్కు పోవడం. "పాతవన్నీ మళ్లీ చెల్లుతాయి" అన్న రాజును జనం రాజుగా ఒప్పుకున్నారు.

ఇక 660. ఆలంపురం తాలూకాలోని ఆముదాలపాడులో దొరికిన విక్రమాదిత్యుడి రాగిరేకులు ఆ ఏటివి. చిన్న ఊరు, పెద్ద సాక్ష్యం. రాజు సుదర్శనాచార్యుడనే గురువు దగ్గర శివమండల దీక్ష తీసుకున్నాడనీ, గురుదక్షిణగా భూదానం చేశాడనీ అవి చెబుతాయి. ఒక రాజు ఆగమపద్ధతిలో శైవదీక్ష పుచ్చుకున్నాడని చెప్పే శాసనాల్లో భారతదేశం మొత్తం మీద ఇది అన్నింటికన్నా పాతవాటి వరసలో నిలుస్తుంది. అటువంటి రేకులు మన నడిగడ్డ మట్టిలో దొరికాయని మన బడిపిల్లల్లో ఎందరికి తెలుసు? నాకు బాధ కలిగించే సంగతి ఇదే.

ఆ దీక్ష ఎలా జరిగేదో శైవాగమాలు చెబుతాయి. నేల మీద రంగుపిండితో మండలం వేస్తారు. శిష్యుడి కళ్లకు గంతలు కట్టి లోపలికి తీసుకొస్తారు. చేతిలో పువ్వు పెట్టి మండలం మీద వేయమంటారు. పువ్వు ఎక్కడ పడిందో చూసి దీక్షానామం పెడతారు. ఆ తర్వాతే గంతలు విప్పుతారు. ఊహించండి: తండ్రిని, రాజధానిని పోగొట్టుకుని, కత్తి బలంతో తిరిగి తెచ్చుకున్న రాజు, కళ్లకు గంతలతో ఒక ఆచార్యుడి వేలు పట్టుకుని నడిచాడు. చాళుక్యులు అంతకు ముందు వరాహ ముద్రను మోసిన విష్ణుభక్తులు. ముద్ర మారలేదు, రేకులను కలిపే కడియం మీద వరాహం అలాగే ఉంది. మారింది రాజుకు దేవుడితో ఉన్న సంబంధం. ఇప్పుడు నడుమ ఒక గురువు వచ్చాడు. గురువు వెనక మఠం, మఠం చుట్టూ శిష్యులు, వాళ్లకు ఊళ్లు, ఆ ఊళ్ల ఆదాయంతో గుళ్లు. ఆలంపురంలో శిఖరాలు లేవడానికి పునాది ఆ పువ్వు పడ్డ రోజునే పడిందని నా నమ్మకం.

ఈలోపు కంచి మీద పగ చల్లారలేదు. 674 ఏప్రిల్ నెలలో, వైశాఖ పున్నమి నాడు, విక్రమాదిత్యుడు కావేరి దక్షిణపు ఒడ్డున ఉరగపురంలో, అంటే ఇప్పటి తిరుచ్చి దగ్గరి ఉరైయూరులో, విడిది చేసి ఒక దానపత్రం రాయించాడు. ఆ రేకులు దొరికింది మన గద్వాలలో. వాటిలో ఆయన పల్లవ వంశాన్ని నేలమట్టం చేశానని, కంచిని పట్టానని చెప్పుకుంటాడు. రాజమల్లుడు అన్న బిరుదు కూడా అందుకే. మహామల్లుడనిపించుకున్న నరసింహవర్మ వంశానికి మల్లుడన్నమాట.

అవతలి పక్షం ఏమంటుంది? పల్లవుల కూరం రేకులు తీసి చూస్తే లక్షల సేనతో వచ్చిన విక్రమాదిత్యుడు ఒంటిమీద చింకిగుడ్డ కప్పుకుని ఒంటరిగా పారిపోయాడని రాసి ఉంది! పెరువళనల్లూరు దగ్గర పరమేశ్వరవర్మ కొట్టిన దెబ్బ అది. రెండు పక్షాల శాసనాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇద్దరూ గెలిచారు, ఇద్దరూ ఓడారు. ముందు కంచి పడి ఉంటుంది, తర్వాత పల్లవుడు కోలుకుని తరిమి ఉంటాడు. గద్వాల రేకులు విజయం మధ్యలో రాసినవి, కూరం రేకులు కథ తిరగబడ్డాక రాసినవి అనుకుంటే రెండూ అతుకుతాయి.

తొమ్మిదిమంది బ్రహ్మలు

ఇప్పుడు గుడి ఆవరణలోకి పోదాం. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. పేరు బ్రహ్మది, లోపల లింగం. బ్రహ్మ ఇక్కడ తపస్సు చేసి తొమ్మిది లింగాలు నిలిపాడని స్థలపురాణం. ఇవి మూలికల పేర్లని, రససిద్ధుడనే యోగి పాదరసంతో బంగారం చేసి గుళ్లు కట్టించాడని ఊళ్లో ఇంకో కథ. పూజలు ఎక్కువగా సాగేది బాలబ్రహ్మకే. శివరాత్రికి ఊరు పట్టదు.

తొమ్మిదింటిలో తారకబ్రహ్మ ఒక్కటే దక్షిణాది పద్ధతిలో అంతస్తులుగా పైకి పోతుంది. మిగిలినవాటి మీద ఉన్నది ఉత్తరాది రేఖాశిఖరం: నాలుగు పక్కలా వంపు తిరుగుతూ పైకి సన్నబడి, నెత్తిన ఉసిరికాయ ఆకారపు ఆమలకంతో ముగుస్తుంది. ఒడిశాలో, మధ్యభారతంలో చూసే ఆకారం తుంగభద్ర ఒడ్డున ఏం చేస్తోంది? పల్లవులది దక్షిణాది పద్ధతి కాబట్టి, వాళ్ల మీద పంతంతో చాళుక్యులు ఉత్తరాదిని ఎంచుకున్నారని ఎవరికైనా అనిపించవచ్చు. వినడానికి బాగుంటుంది, నిలవదు. అదే వంశం ఐహోళెలో, పట్టదకల్లులో రెండు పద్ధతులనూ పక్కపక్కనే కట్టించింది. నర్మద నుంచి కావేరి దాకా దండయాత్రలు చేసిన రాజ్యంలో రెండు వైపుల పనివాళ్లూ ఉన్నారు. ఆలంపురం దగ్గర పని పట్టింది ఉత్తరాది చేయి తిరిగిన బృందం అనుకోవడమే సబబు. గుమ్మాల అడుగున రెండు పక్కలా గంగా యమునలను నిలబెట్టారు చూడండి, అదీ ఉత్తరాది నుంచి వచ్చిన అలవాటే. గంగా యమునల గుర్తులు తమ రాజచిహ్నాల్లో ఉన్నాయని చాళుక్య శాసనాలు గర్వంగా చెప్పుకుంటాయి.

కట్టిన తీరు చూడాలి. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు. చదునుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పేర్చి, బరువుతోనే నిలబెట్టారు. గర్భగుడి చుట్టూ గోడల లోపలే ప్రదక్షిణ దారి. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా తిరగవచ్చు. గోడలకు రాతి జాలీ కిటికీలు, వాటిలోంచి వచ్చే వెలుతురే దీపం. జాలీల పక్కన గూళ్లు, గూళ్లలో దేవతలు. స్వర్గబ్రహ్మ దగ్గర ఆగితే కదలబుద్ధి కాదు. దక్షిణామూర్తి, త్రివిక్రముడు, లింగోద్భవం, ఎనిమిది దిక్కుల పాలకులు, మేఘాల్లో తేలే గంధర్వ జంటలు. నా కంటికి ఆలంపురం శిల్పమంతటికీ కిరీటం ఇదే. విశ్వబ్రహ్మను మెచ్చుకునేవాళ్లు నాతో ఒప్పుకోరు, వాళ్లకూ వాళ్ల కారణాలున్నాయి. రాతి మీద పంచతంత్రం కథలు చెక్కిన చోట పిల్లలను నిలబెట్టి చెబితే ఆ శిల్పి పని పూర్తయినట్టు.

స్వర్గబ్రహ్మకు మరో గొప్ప కూడా ఉంది. అక్కడి శాసనం కట్టించిన కాలాన్ని పట్టిస్తుంది. విక్రమాదిత్యుడి కొడుకు వినయాదిత్యుడి పాలనలో, అంటే 681, 696 మధ్య, లోకాదిత్య ఎల అరస అనే ఆయన రాణి గౌరవార్థం కట్టించాడు. కట్టించిన మనిషి పేరు రాతి మీద నిలిచింది. ఉలి పట్టినవాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లోకి అంతగా ఎక్కలేదు.

మన పుస్తకాల్లోనూ, దారి చూపే బోర్డుల మీదా ఈ గుళ్లన్నీ పులకేశి ఖాతాలో పడుతుంటాయి. పెద్దపేరు మీద అన్నీ రాయడం మనకు అలవాటు. తేదీలు దొరికిన సాక్ష్యాలను వరసగా పెట్టి చూడండి. 660లో విక్రమాదిత్యుడి దీక్ష. తర్వాత వినయాదిత్యుడి కాలంలో స్వర్గబ్రహ్మ. ఆ పైన, ఇప్పుడు చెప్పబోయే గోడ, 713లో విజయాదిత్యుడి కాలంలో. కొడుకు, మనుమడు, మునిమనుమడు. గెలిచిన పులకేశి కంటే, ఆయన పోగొట్టుకున్నదాన్ని కూడబెట్టుకున్న మూడు తరాలకే ఆలంపురం ఎక్కువ రుణపడింది. ఆయన చేయి అసలే లేదని నేననను. కానీ ఈ ఆవరణకు రూపం వచ్చింది వాతాపి కాలిన తర్వాతే.

ఏటి ఒడ్డు బతుకు

రాళ్లను ఇక్కడిదాకా లాగిన మనుషులు ఏం తిన్నారు? బాదేపల్లి మార్కెట్ యార్డులో పోసిన పల్లీ రాశులు, మక్కల రాశులు చూసి పెరిగిన మనకు అప్పటి పొలం గుర్తుపట్టడం కష్టం. పల్లీ లేదు, మక్క లేదు, మిరపకాయ లేదు, టమాట లేదు. అవన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల తర్వాత వచ్చాయి. ఏడో శతాబ్దపు నడిగడ్డలో జొన్న, సజ్జ, కంది, నువ్వు, ఆముదం, పత్తి. కారానికి మిరియం, పులుపుకు చింతపండు. జొన్న అంబలి తాగి పొద్దున్నే రాతిగని ఎక్కినవాళ్లు సందులు తొలిచి, మేకులు దిగగొట్టి, బండ పగిలే చప్పుడు కోసం చెవి పెట్టి ఉంటారు. ఎడ్లు లాగలేని చోట మనుషులు లాగి ఉంటారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టిపనికి పాలమూరు కూలీ పోవలసిందే అని పేరుపడింది కదా, ఆ పేరుకు ముత్తాతలు ఈ ఆవరణలో చెమటోడ్చారు.

భూమిని నివర్తనాల్లో కొలిచేవారు. దానం ఇచ్చినప్పుడు ఊరి పెద్దలను పిలిచి ఎల్లలు చూపించేవారు: ఫలానా చెట్టు, ఫలానా గుట్ట, ఫలానా వాగు. పత్రం సంస్కృతంలో ఉండేది. రాజు ఇంటి మాట కన్నడం. ఎల్లల దగ్గర నిలబడ్డ రైతు మాట తెలుగు. దక్షిణాన రేనాటి చోళులు అప్పటికి ఒక వంద ఏళ్ల ముందు నుంచే తమ శాసనాలను తెలుగులో వేయిస్తున్నారు. ఆ గాలి ఏరు దాటి ఇటు రావడానికి పెద్ద సమయం పట్టలేదు.

జనం రాకపోకలు శ్రీశైలం వల్ల ఎక్కువ. శ్రీశైలానికి నాలుగు ద్వారాలు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం, పడమట ఆలంపురం. కన్నడ దేశం నుంచి మల్లన్న దగ్గరికి పోయే భక్తుడు ఇక్కడ మునిగి, ఇక్కడ మొక్కి, కొద్ది దూరంలోని కూడవెల్లి సంగమం చూసుకుని నల్లమల అడవి పట్టేవాడు. వెదురు బుట్టకు తోలు తొడిగిన పుట్టిలో ఏరు దాటేవారు. భక్తులుంటే సత్రం కావాలి, సత్రానికి ధాన్యం కావాలి, ధాన్యానికి మాన్యం కావాలి. మఠం ఆచార్యుల చేతిలో ఇదంతా నడిచేది. ఆచార్యుడంటే కళ్లు మూసుకుని కూర్చున్నవాడని అనుకోవద్దు. ఊళ్ల లెక్కలు చూడగలవాడు, పని చేయించగలవాడు, రాజుకు చెప్పి ఒప్పించగలవాడు.

ఆడవాళ్ల మొక్కులకు వేరే దేవత. తల ఉండవలసిన చోట విప్పారిన తామర, ప్రసవించే భంగిమలో కూర్చున్న తల్లి. లజ్జాగౌరి అంటారు. ఆలంపురంలో దొరికిన ఆ శిల్పం ఇక్కడి మ్యూజియంలో ఉంది. పిల్లలు పుట్టాలని, కాన్పు క్షేమంగా కావాలని ఆ రాతికి వెన్న పూసిన చేతులెన్నో లెక్కలేదు. రాజు గురువు శివమండలం వేస్తున్న కాలంలోనే పేదింటి కోడలు ఈ తల్లి ముందు కూర్చుంది. ఆ రెండో కథను ఏ రాగిరేకూ రాయలేదు, అయినా ఊరి చరిత్రలో అది మొదటిదానికంటే చిన్నది కాదు.

ఈశానాచార్యుడి గోడ

713. గద్దె మీద విజయాదిత్యుడు. ముప్పైఏడేళ్ల పాటు, 696 నుంచి 733 దాకా, ఏలినవాడు. ఆలంపురంలో దొరికిన ఆయన శాసనం ఈశానాచార్యస్వామి అనే గురువు రాజాజ్ఞతో ప్రాకారబంధం కట్టించాడని చెబుతుంది. సుదర్శనాచార్యుడి తర్వాత యాభై ఏళ్లకు మరో ఆచార్యుడు. ఈసారి గురువు దక్షిణ పుచ్చుకోవడంతో ఆగలేదు, నిర్మాణమే చేయించాడు.

గోడ ఎందుకు? శత్రువు కోసమా, ఏటి కోసమా? రెండింటికీ అని నా అభిప్రాయం. పల్లవుడితో పోరు అణగారిందే కానీ ఆరలేదు. తుంగభద్ర సంగతి ఇక్కడివాళ్లను అడగాలి. ఎండాకాలం బండల మధ్య సన్నగా పారుతుంది, ఎగువన వానపడితే ఒక్క రాత్రిలో ఊరి మీదికి వస్తుంది. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద ఆలంపురాన్నీ వదల్లేదు. అటువంటి ఏటి అంచున తొమ్మిది గుళ్లు పదమూడు వందల ఏళ్లు నిలిచాయంటే శిల్పుల్ని పొగడడం ఒక్కటే సరిపోదు. గోడ కట్టాలని పట్టుబట్టిన ఆ ముందుచూపు గురువుకూ అందులో వాటా ఉంది.

నీళ్లు గెలిచిన చోట్లు కూడా ఉన్నాయి. శ్రీశైలం జలాశయం నిండుతుంటే సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయానికి ముంపు వచ్చింది. ప్రతి రాయికీ అంకె వేసి, విప్పి, ఆలంపురానికి తెచ్చి మళ్లీ కట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే తరలించారు. సున్నం లేకుండా పేర్చిన కట్టడం కాబట్టే విప్పడం సాధ్యమైంది. పాత పనివాళ్ల పద్ధతే కొత్త పనివాళ్లకు దారి ఇచ్చింది. గుళ్లు ఒడ్డెక్కాయి కానీ ముంపు ఊళ్ల జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఆ కథ ఈ ధారావాహికలో విడిగా ఒక భాగానికి తగినంత ఉంది, రాస్తాను.

ఆలంపురం రాళ్లు మనతో మాట్లాడుతున్నాయంటే వాటిని చదివినవాళ్లు ఉన్నారు కాబట్టి. ఆ ఊళ్లోనే ఉంటూ శాసనాలు వెతికి, ఆ క్షేత్రం కోసం జీవితమంతా పాటుపడ్డ గడియారం రామకృష్ణశర్మ గారిని ఇక్కడ తలచుకోకుండా ముందుకు పోలేను. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. చాళుక్య శిల్పం కోసమే కాదు, నిజాం పాలనలో ఈ నేల మీద తెలుగు ఎలా బతికిందో తెలుసుకోవడం కోసం కూడా ఆ పుస్తకం చదవాలి.

మళ్లీ మన కాలక్రమంలోకి వద్దాం. విజయాదిత్యుడు పట్టదకల్లులోనూ ఒక గుడి మొదలుపెట్టాడు. 733లో ఆయన పోయాక కొడుకు రెండో విక్రమాదిత్యుడు గద్దెనెక్కాడు. తాత ముత్తాతల పగ ఆయన చేతికి వచ్చింది. ఆయన కంచిలోకి అడుగుపెట్టాడు కూడా. కానీ అక్కడి రాజసింహేశ్వరాలయం, ఇప్పటి కైలాసనాథాలయం, ముందు నిలబడి దోచుకోవలసినవాడు దానం చేశాడు, ఆ సంగతిని అక్కడి స్తంభం మీదే కన్నడంలో చెక్కించాడు. వాతాపిని కాల్చినవాళ్ల ఊళ్లో చాళుక్యుడు అలా ఎందుకు చేశాడు? ఆయన ఇద్దరు రాణులు పట్టదకల్లులో లేపిన గుళ్లకూ, మన ఆలంపురం పనికీ ఉన్న చుట్టరికం ఏమిటి? ఇంత చేసిన వంశాన్ని 753 ప్రాంతంలో దంతిదుర్గుడనే సామంతుడు ఎలా పడగొట్టాడు? కొత్తగా వచ్చిన రాష్ట్రకూటుల కింద నడిగడ్డ మఠాలకూ, గొల్లత్తగుడి వంటి జైనుల నెలవులకూ ఏం జరిగింది? ఎనిమిదో భాగం అక్కడ మొదలవుతుంది.